నాన్న ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేస్తానంటున్నారు, నాకు మనసొప్పడం లేదు

ప్రశ్న: చిక్కడపల్లిలో పుట్టి పెరిగాను. 2005లో అమెరికా వెళ్లి, ఇరవై ఏళ్ల తర్వాత కుటుంబంతో తిరిగొచ్చాను. ఆఫీసు రాయదుర్గంలో కాబట్టి కొండాపూర్‌లో ఉంటున్నాం. మా వీధిలో పాత ఇళ్లు రెండే మిగిలాయి, ఒకటి మాది. 300 గజాల్లో డాబా ఇల్లు. వానొస్తే వీధి నీళ్లు వరండాలోకి వస్తాయి, అమ్మ గడప దగ్గర గోనెసంచులు వేస్తుంది. నాన్నకి 76 ఏళ్లు. ఇల్లు డెవలప్‌మెంట్‌కి, అంటే బిల్డర్ కూల్చి ఫ్లాట్లు కట్టి కొన్ని మాకిచ్చేలా, ఇచ్చేద్దామంటున్నారు. వద్దన్నాను. ‘ఇన్నేళ్లు లేనివాడివి, ఇప్పుడొచ్చి చెబుతావా’ అన్నారు. అప్పట్నుంచి సరిగా మాటల్లేవు. వరంగల్‌లో ఉన్న చెల్లెలికి ఇంకా ఏమీ తెలీదు. ఎందుకు తిరిగొచ్చానా అనిపిస్తోంది.

జవాబు: మీ బాధ చిన్నది కాదు. మీరు వెళ్లినప్పుడు విమానం బేగంపేటలో ఎక్కి ఉంటారు. 2008లో విమానాశ్రయం శంషాబాద్‌కి పోయింది, 2014లో రాష్ట్రం వేరైంది, 2020లో చిక్కడపల్లి మీదుగా మెట్రో మొదలైంది. అమ్మానాన్నలు ఇవన్నీ ఒక్కొక్కటిగా చూశారు. పక్కింటివాళ్లు అమ్ముకుని పోతుంటే సాగనంపారు, పిల్లర్ల కోసం రోడ్డు తవ్వినన్నాళ్లూ దుమ్ము మింగారు, మెల్లగా అలవాటుపడ్డారు. మీ మీద అదంతా ఒకేసారి పడింది. వాళ్లు ఎప్పుడో ఏడ్చి ఊరుకున్నదానికి మీరిప్పుడు ఏడుస్తున్నారు. అందుకే మీ దిగులు వాళ్లకు ఎక్కడం లేదు, వాళ్ల తొందర మీకు ఎక్కడం లేదు.

గోనెసంచుల సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నాన్నగారు చెప్పేదంతా అక్కడే ఉంది. పాత తారు గీకకుండా దానిమీదే కొత్త పొర వేస్తూ పోతే వీధి పైకి లేస్తుంది, ఇల్లు గుంటలో పడుతుంది. గేటు దగ్గర కట్ట పోస్తే వీధి నీళ్లు ఆగుతాయేమో గానీ, ఇంటిమీద పడ్డ వాన బయటికి పోదు. డ్రైనేజీ కూడా వెనక్కి తంతుంది. ఈ వయసులో ప్రతి వానాకాలం రాత్రుళ్లు లేచి నీళ్లెత్తిపోయడం వాళ్ల వల్ల కాదు. మీరు వద్దన్నది మీ చిన్నప్పటి ఇంటి కోసం. ఆయన అడుగుతున్నది ఈ ఏడాది వానల గురించి.

ముందు మాటలు కలపండి. నాలుగు వారాలు ఇంటి ప్రస్తావన ఎత్తకండి. వారానికొకసారి కారు వదిలేసి వెళ్లండి: రాయదుర్గంలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారితే చిక్కడపల్లిలోనే దిగొచ్చు. సాయంత్రం నాన్నగారితో బయటికి నడవండి, దారి ఆయన్నే చూపించనివ్వండి. ఏ ఇల్లు ఎవరు, ఎందుకు అమ్మారో అడగండి. ‘అప్పట్లో ఎంత బాగుండేది’, ‘ఇక్కడెలా ఉంటున్నారు’ అనే మాటలు మాత్రం వద్దు. మీరు ఊరిని అన్నా, అక్కడే ఉండిపోయిన తమను అన్నట్టే వాళ్లకు వినిపిస్తుంది. నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మీ పిల్లలను ఓసారి గానసభలో కచేరీకి తాతయ్య వెంట పంపండి. మీరు వెళ్లకండి, వాళ్లనే వెళ్లనివ్వండి.

ఆ తర్వాత, ‘నాన్నా, మీరన్నదే చేద్దాం, కాగితాలు నేను చూస్తాను’ అనండి. మనసారా అనగలిగితేనే అనండి. ఆయనకు కావలసింది మీ అనుమతి కాదు, మీ సాయం.

సాయం చెయ్యాల్సింది ఇక్కడే. 300 గజాలంటే దాదాపు 250 చదరపు మీటర్లు. 500 చదరపు మీటర్లు దాటని స్థలానికి రెరా (బిల్డర్ల మీద నిఘా ఉంచే చట్టం) రిజిస్ట్రేషన్ సాధారణంగా తప్పనిసరి కాదు. అంటే మీకు బిల్డర్‌తో రాసుకునే అగ్రిమెంటే దిక్కు. దాన్ని రిజిస్టర్ చేయించండి. ఒరిజినల్ దస్తావేజులు బిల్డర్ చేతికివ్వకండి. ఎవరి ఫ్లాట్ ఏదో నంబరుతో, ప్లాన్ మీద గుర్తుపెట్టి రాయించండి. పర్మిషన్ కోసం మున్సిపాలిటీకి తనఖా పెట్టే పది శాతం కట్టడం బిల్డర్ వాటాలోంచే పోవాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇక కాపురం ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం) వచ్చి తాళాలు చేతికొచ్చేదాకా అమ్మానాన్నలుండే ఇంటి అద్దె బిల్డరే కట్టాలి. చాలామంది ‘24 నెలలు’ అని రాయించుకుని, పని ఆగిన 25వ నెల నుంచి సొంత డబ్బుతో అద్దె కడుతుంటారు.

ఆ అద్దె ఇల్లు అదే చుట్టుపక్కల చూడండి. కొండాపూర్‌కి తీసుకెళ్దామని మీకు అనిపిస్తుంది, ప్రేమతోనే. కానీ పూలమ్మాయి, మందుల షాపు, గుడి, పలకరించే నలుగురు నడిచేంత దూరంలో లేకపోతే పెద్దవాళ్లు పదిహేనో అంతస్తులో టీవీ ముందు కూర్చుండిపోతారు. నడక తగ్గుతుంది, నిద్ర చెడుతుంది. కొత్త బిల్డింగ్‌లో వాళ్లకు మొదటి అంతస్తు, లిఫ్ట్‌కి పవర్ బ్యాకప్, మూడడుగుల వెడల్పుతో, అడుగున మెట్టు లేని బాత్రూమ్ తలుపు అడగండి. ప్లాన్ దశలో ఇది సులువు, గోడలు లేచాక కాదు.

పాత తలుపులు, కిటికీలు మామూలుగా కూల్చేవాళ్లకే పోతాయి. వీధి తలుపు, దాని గడప మీవేనని అగ్రిమెంట్‌లో ఒక వరుస రాయించండి. కూల్చేముందు ఒక రోజంతా ఆ ఇంట్లో అందరూ ఉండండి, వంట అక్కడే చేసుకోండి. అమ్మను గది గదికీ తిప్పి మాట్లాడించి ఫోన్లో రికార్డు చేసుకోండి.

ఇంత చేసినా రెండు వారాలు దాటి నిద్ర పట్టక, దేని మీదా ఆసక్తి లేక ఉంటే సైకియాట్రిస్టుని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక చెల్లెలి సంగతి. ఆ స్థలం తాతగారి నుంచి వచ్చిందా, నాన్నగారు కొన్నదా? పిత్రార్జితమైతే ఆమెకూ వాటా ఉండొచ్చు, ఆమె సంతకం లేకుండా ముందుకెళ్తే రేపు కోర్టులో ఆగుతుంది. ఆయన స్వార్జితమైతే నిర్ణయం ఆయనదే. అయినా ఆ వరండాలో ఆమె కూడా ఆడుకుంది. బిల్డర్ నోటి నుంచో, బంధువుల నోటి నుంచో వినకముందే, ఈ వారమే మీరే ఫోన్ చేసి చెప్పండి.