పాత పటాల్లో నటీమణుల చేతి పూలు

ప్రశ్న: ఇంగ్లండు రంగస్థల నటి ఎలెన్ టెర్రీ చిత్రంలో ఆమె ఒక చేత్తో ఎర్రని పువ్వును పట్టి వాసన చూస్తూ, ఇంకో చేతిలో చిన్న పూలను గుండెకు దగ్గరగా పట్టుకొని ఉన్నారు. దాని అర్థం ఏమిటి? నాటకాల్లో వేషాలు వేసిన మా నాయనమ్మ చెల్లెలి పాత ఫొటోలోనూ చేతిలో పువ్వు ఉంది. దానికీ అలాంటి అర్థమే చెప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు చూసినది జి.ఎఫ్. వాట్స్ 1864లో వేసిన ‘చూజింగ్’ (ఎంచుకోవడం) అనే చిత్రం. ఇప్పుడది లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. ఆమె వాసన చూస్తున్నవి కమీలియా పూలు. చూపులకు ఎంత నిండుగా ఉన్నా వాటికి పరిమళం లేదనే చెప్పాలి కనుక అవి లోకపు ఆడంబరానికి గుర్తు. గుండె దగ్గరి వయొలెట్ పూలు చిన్నవే అయినా సువాసన గలవి. అవి నిరాడంబరతకు, నిర్మలత్వానికి సంకేతాలు. అదే ఏడాది 16 ఏళ్ళ టెర్రీ 46 ఏళ్ళ వాట్స్‌ను పెళ్ళాడి నాటకాలు మానుకున్నారన్న సంగతి తెలిస్తే, చిత్రకారుడు ఒకవైపు రంగస్థలాన్ని, మరోవైపు సంసారాన్ని ఉంచాడని అర్థమవుతుంది. ఏడాదైనా తిరగకముందే వారు విడిపోయారు. ఆమె మళ్ళీ నాటకాలకు వచ్చి, హెన్రీ ఇర్వింగ్ సరసన ఇంగ్లండులో అగ్రశ్రేణి నటిగా వెలిగారు. అందుచేత ఆ పూలు చెప్పేది వాట్స్ మనసులోని మాటే గాని టెర్రీ మాట కాదని నా నిశ్చితాభిప్రాయం. అటువంటి నటి కళను పరిమళం లేని పువ్వుతో పోల్చడం అన్యాయం కూడాను.

కొన్ని పటాల్లో పువ్వు పాత్రకు చెందినది. ‘లా దామ్ ఓ కమేలియా’ (కమీలియాల వనిత) అనే ఫ్రెంచి నాటకానికి 1896లో అల్ఫోన్స్ ముహా వేసిన పోస్టరులో నటి సారా బెర్నార్ జుట్టులో కనిపించే కమీలియాలు కథానాయిక ధరించే పూలే.

మీ ఇంటి ఫొటో విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వెనక తెర, బల్ల, పూలకుండీ లాగే చేతిలోని పువ్వు కూడా స్టూడియో సామాను కావచ్చు. రంగును బట్టి నిర్ణయించడమూ కుదరదు. తొలినాటి ఫొటో ప్లేట్లు నీలి కాంతికే ఎక్కువగా స్పందించేవి కనుక పసుపు, ఎరుపు రంగులు వాటిలో నల్లబడేవి. మన బతుకమ్మ మీద మెరిసే తంగేడు, బంతి పూలు అటువంటి ఫొటోలో ముదురు ముద్దల్లా పడతాయి. ఫొటో మీద చేత్తో అద్దిన రంగులుంటే అవి అద్దినవారి ఇష్టం. కాబట్టి రేకుల అమరికను, ఆకుల తీరును చూడండి. అట్ట వెనక స్టూడియో ముద్ర ఉంటే, అక్కడే తీయించుకున్న ఇతరుల ఫొటోల్లోనూ అదే పువ్వు ఉందేమో పోల్చండి. ఆమె వేషంలో ఉంటే అది ఏ పాత్రో ఇంటి పెద్దలను అడగండి. చేతిలో తామర ఉంటే లక్ష్మీదేవి వేషం కావచ్చు. మామూలు చీరలో, కొప్పులో మల్లెలతో కూర్చొని ఉంటే మాత్రం, ఆ మల్లెలు ఆమె తానుగా పెట్టుకున్నవే అయ్యే అవకాశం ఎక్కువ.