జవాను కవచానికి మన నేత పనికొస్తుందా?

ప్రశ్న: మాది భూదాన్ పోచంపల్లి. తాతల కాలం నుంచి పట్టు నేస్తున్నాం. మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు గల్వాన్‌లో అమరుడైనప్పటి నుంచి ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. జవాన్లు తొడిగే బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ గుడ్డను మన మగ్గాల మీద నేయలేమా?
– ఒక నేత కార్మికుడు

జవాబు: పట్టుతో కవచం చేయవచ్చన్న మీ ఊహకు చరిత్రలో ఆధారం ఉంది. 19వ శతాబ్దం చివరలో షికాగోలో ఉన్న కాసిమిర్ జెగ్లెన్ అనే మతగురువు పట్టు పొరలతో కవచం రూపొందించారు. అది నెమ్మదిగా వచ్చే పిస్తోలు గుండ్లను ఆపగలిగింది గానీ, నేటి రైఫిల్ తూటా వేగం పట్టు తట్టుకోగలిగేది కాదు. 1965లో డూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ చేసిన పరిశోధన నుంచి వచ్చిన కెవ్లార్ అనే దృఢమైన కృత్రిమ పోగు ఈ రంగాన్ని మార్చివేసింది.

నేతగారిగా మీకు వెంటనే అర్థమయ్యే విషయం ఒకటి ఉంది. తూటా తగిలిన క్షణంలో దాని శక్తి పోగుల వెంట పక్కలకు పాకి, వీలైనంత ఎక్కువ మేరకు పరుచుకోవాలి. నేసిన గుడ్డలో పడుగు, పేక ఒకదాని మీదుగా ఒకటి వంగుతూ సాగుతాయి కాబట్టి ఆ ప్రసారం ప్రతి వంపు దగ్గరా కొంత మందగిస్తుంది. అందువల్లనే ఇప్పుడు చాలా కవచాలలో పోగులను అసలు నేయరు. ఒక పొరలో అన్నింటినీ నిలువుగా, దాని మీది పొరలో అన్నింటినీ అడ్డంగా తిన్నగా పరిచి, జిగురు పదార్థంతో అతికిస్తారు. నేసిన కెవ్లార్ గుడ్డ కూడా వాడుకలో ఉన్నప్పటికీ, ప్రతి అంగుళంలో ఒకే బిగువు ఉండాలి కనుక ఆ పని చేనేతకు తగినది కాదని నా అభిప్రాయం. ప్రాణం ఆధారపడిన చోట మీకు ఆశ కల్పించి రాయలేను.

పైగా రైఫిల్ తూటాకు గుడ్డ ఒక్కటే చాలదు. ముందున్న సిరామిక్ పలక తూటా మొనను పగలగొడితే, వెనుక పొరలు ఆ ముక్కలను పట్టుకుంటాయి. భాభా అణు పరిశోధన కేంద్రం పరిజ్ఞానంతో హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని మిధాని సంస్థ చేపట్టిన ‘భాభా కవచ్’లో బోరాన్ కార్బైడ్ అనే చాలా గట్టి సిరామిక్‌ను వాడారు. డీఆర్‌డీఓ, ఐఐటీ ఢిల్లీ కలిసి రూపొందించి 2024లో వెల్లడించిన ‘అభేద్’ జాకెట్ల కనీస బరువు, రక్షణ స్థాయిని బట్టి, 8.2 కిలోలు, 9.5 కిలోలు. ఇప్పుడు అసలు పోరాటం ఈ బరువుతోనే. నీళ్లు, తూటాలు, ఆయుధం మోస్తూ కొండెక్కే మనిషికి తగ్గిన ప్రతి వంద గ్రాములూ విలువైనవే.

మీరు ప్రస్తావించిన గల్వాన్‌లో, 2020 జూన్ 15 రాత్రి, తూటాలు పేలలేదు. రాళ్లు, మేకులు దిగ్గొట్టిన కర్రలు, ఎముకలు కొరికే చలి అక్కడి ప్రమాదాలు. ఎదురయ్యే ముప్పును బట్టి రక్షణ దుస్తులు వేరుగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: మా తమ్ముడు పారామిలిటరీ దళంలో ఉన్నాడు. జాకెట్ చెమటకు తడిసి వాసన వస్తే ఉతకవచ్చా?
– ఒక అక్క, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, పై తొడుగును మాత్రమే, లోపలి పొరలు, పలకలు తీసివేసిన తరువాత ఉతకవచ్చు. కెవ్లార్ వంటి పోగులు తడిసినా, ఎండ తగిలినా బలం కోల్పోతాయి కాబట్టే వాటిని నీరు చొరని సంచిలో కుట్టేస్తారు. ఆ సంచి చిరిగితే దారంతో కుట్టుకోకుండా దళం స్టోర్‌లో అప్పగించమనండి. సిరామిక్ పలక కింద పడితే పైకి కనిపించని పగులు ఏర్పడవచ్చు, అందువల్ల పరీక్ష చేయించకుండా మళ్లీ తొడగవద్దని తప్పక చెప్పండి.