ప్రాచీన గ్రీకులు తమ దేవుళ్ళ కథలను నిజంగా నమ్మేవారా?

యుద్ధానికి బయల్దేరే గ్రీకు సైనికుడు జ్యూస్, ఎథీనా, పాన్ కథలన్నీ నిజమనుకునేవాడా, లేక అవి వాళ్ళకీ పిల్లలకు చెప్పుకునే కథలేనా అని అడిగారు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. జర్మనీలో ఉద్యోగం చేస్తూ రెండుసార్లు సెలవులకు గ్రీసు వెళ్ళొచ్చాను. ఆ పిచ్చిలో ప్రాచీన గ్రీకు చరిత్రకారులు హెరొడోటస్‌ని, థుసిడిడెస్‌ని ఇంగ్లీషు అనువాదాల్లో చదివాను, అంతే. నాకు అర్థమైనంతవరకు చెప్తాను.

మా ఊళ్ళో పోచమ్మకు మొక్కుకున్నవాణ్ణి "ఆమె కథ నమ్ముతావా" అని ఎవరూ అడగరు. మొక్కు తీర్చావా లేదా అనే అడుగుతారు. గ్రీకులదీ అదే బాపతు అని నాకు ఏథెన్స్ దగ్గరున్న పాత యుద్ధభూమి మారథాన్‌లో అనిపించింది.

ఏథెన్స్ నుంచి బస్సులో వెళ్ళాను. దిగిన చోటు నుంచి జులై ఎండలో నడుచుకుంటూ పోతే చివరికి కనిపించింది ఒక మట్టిదిబ్బ. తొమ్మిది మీటర్ల ఎత్తు ఉంటుందేమో, మీద ఎండిన గడ్డి. దీనికోసమా ఇంత దూరం వచ్చాను అనుకున్నాను. క్రీ.పూ. 490లో పర్షియన్లతో పోరాడి చనిపోయిన 192 మంది ఏథెన్స్‌వాళ్ళను దహనం చేసి, ఆ బూడిద మీద పోసిన మట్టి అది. పర్షియన్ల వైపు 6,400 మంది పోయారని హెరొడోటస్ లెక్క.

యుద్ధానికి ముందు ఏథెన్స్‌వాళ్ళు వేట దేవత ఆర్టెమిస్‌కు మొక్కుకున్నారట, చంపిన ప్రతి శత్రువుకూ ఒక మేకను బలిస్తామని. గెలిచాక చూసుకుంటే అన్ని మేకలు ఎక్కడ దొరుకుతాయి? అందుకని ఏడాదికి 500 చొప్పున ఇస్తామని తీర్మానించుకున్నారు. ఇది చెప్పింది సైనికుడూ రచయితా అయిన జెనోఫోన్. క్రీ.పూ. 401లో తన తోటి సైనికులకు ధైర్యం చెప్తూ, ఆ మేకలను ఇప్పటికీ ఇస్తూనే ఉన్నారని అంటాడు. 6,400ని 500తో భాగించి చూడండి, 13 ఏళ్ళలో బాకీ తీరిపోవాలి. దాదాపు 90 ఏళ్ళయినా వాయిదాలు కడుతూనే ఉన్నారు! ఆపితే ఏమవుతుందోనన్న భయమో, ఏటా మాంసం దొరుకుతుందన్న ఆశో, రెండూనేమో. మామూలు రోజుల్లో వాళ్ళ తిండి బార్లీ ముద్ద, ఆలివులు, అత్తి పళ్ళు, జున్ను, నీళ్ళు కలిపిన ద్రాక్షసారా. మాంసం ముక్క ఎక్కువగా ఇలాంటి పండగ బలుల్లోనే దక్కేది.

అదే యుద్ధంలో ఇంకో సంగతి. సాయం అడగడానికి ఏథెన్స్ నుంచి ఇంకో గ్రీకు నగరం స్పార్టాకు ఒక వార్తాహరుడు పరుగెత్తాడు, సుమారు 240 కిలోమీటర్లు, మర్నాటికల్లా చేరాడు. (మనం మారథాన్ పరుగు అని చెప్పుకునే కథ, అంటే గెలుపు వార్త చెప్పి కుప్పకూలడం, హెరొడోటస్‌లో లేదు. చాలా తర్వాతి రచయితలు చెప్పింది.) దారిలో కొండ మీద మేకకాళ్ళ దేవుడు పాన్ ఎదురై, మీకు ఇంత మేలు చేస్తున్నా నన్నెందుకు పట్టించుకోరు అని నిలదీశాడని ఆ వార్తాహరుడే వచ్చి చెప్పాడు. నిద్రలేక, ఎండదెబ్బకు కళ్ళు తిరిగి కనబడ్డాడని మనం అనుకుంటాం. వాళ్ళు మాత్రం పరిస్థితి కుదుటపడగానే ఏథెన్స్ మధ్యనున్న అక్రోపొలిస్ కొండ కింద పాన్‌కు గుడి కట్టి, ఏటా బలులు, కాగడా పరుగు పెట్టారు. ఇక స్పార్టావాళ్ళు పౌర్ణమి వచ్చేదాకా కదలకూడదన్నారు. పౌర్ణమి అయ్యాక 2,000 మంది హడావిడిగా వచ్చేసరికి యుద్ధం అయిపోయింది. పర్షియన్ల శవాలు చూసి, ఏథెన్స్‌వాళ్ళను మెచ్చుకుని వెనక్కి పోయారు.

శకునాల విషయంలో స్పార్టావాళ్ళు నిజంగానే మొండిఘటాలు. క్రీ.పూ. 479లో ప్లటేయా దగ్గర పర్షియన్ల బాణాలు వచ్చి పడుతున్నాయి. సేనాని పౌసనియస్ బలి మీద బలి ఇప్పిస్తున్నాడు, ఆ బలుల్లో చూసే శకునం బాగా రావడం లేదు. అప్పటిదాకా సైనికులు ఎదురుదాడి చేయకుండా అలాగే ఉండిపోయారు, మనుషులు పోతున్నా సరే. శకునం కుదిరాక కదిలి, గెలిచారు.

కానీ శకునాలు నమ్మినవాళ్ళు ప్రతిసారీ గెలవలేదు. క్రీ.పూ. 413లో సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ నగరం దగ్గర ఏథెన్స్ సైన్యం ఓడలెక్కి పారిపోవడానికి అంతా సిద్ధం. ఆ రాత్రి చంద్రగ్రహణం పట్టింది. సేనాని నికియస్ జోస్యుల మాట విని, మూడు తొమ్మిదుల రోజులు, అంటే 27 రోజులు, కదలడానికి వీల్లేదన్నాడు. అతనికి ఈ పిచ్చి కాస్త ఎక్కువేనని థుసిడిడెస్ విసుక్కుంటాడు. ఆ ఆలస్యంలో నౌకాదళం పోయింది, సైన్యం పోయింది, చిక్కినవాళ్ళలో 7,000 మందికి పైగా రాళ్ళ గనుల్లో పడ్డారు. ఆ పేజీలు చదువుతుంటే నాకు టెన్షన్ తట్టుకోలేక పుస్తకం మూసేయాలనిపించింది.

ఒలింపియా మ్యూజియంలో ఒక కంచు శిరస్త్రాణం ఉంది. పైభాగం విరిగిపోయింది. అంచు వెంట అక్షరాలు చెక్కి ఉన్నాయి: మిల్టియాడెస్ జ్యూస్‌కు సమర్పించాడు. మారథాన్ గెలిపించిన సేనాని పేరు అదే. ఆ యుద్ధంలో ఇదే పెట్టుకున్నాడా అన్నది మాత్రం దాని మీద రాసి లేదు. నేను చూసింది ఇంకోటి: చెవుల దగ్గర కంత లేదు. మొత్తం కంచే. ఏడు కిలోల డాలు ఎడమ చేతికి, మనిషికంటే పొడుగైన బల్లెం కుడి చేతికి, ఎండాకాలం, ఆజ్ఞ కూడా సరిగా వినపడదు. పైగా ఈ సామానంతా ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలి, చాలామంది రైతులు. అలాంటివాడు తిరిగొస్తే దేవుడికి ఏదో ఒకటి ఇవ్వకుండా ఉంటాడా.

అందరూ కళ్ళు మూసుకుని నమ్మారని కాదు. గుర్రాలకు చేతులుంటే దేవుళ్ళను గుర్రాల్లాగే గీసేవని జెనోఫానెస్ అనే కవి, తాత్వికుడు మారథాన్ కాలానికే ఎగతాళి చేశాడు. అయితే అలాంటివాళ్ళు తిరిగిన ఊళ్ళలోనే ఏం నడిచిందో ఏథెన్స్‌లో కెరమైకోస్ శ్మశానం పక్కనున్న మ్యూజియంలో చూశాను. సీసంతో చేసిన చిన్న బొమ్మ, అరచేతిలో పట్టేస్తుంది. చేతులు వెనక్కి విరిచి కట్టేసి, సీసపు పెట్టెలో పడుకోబెట్టి ఒక సమాధిలో పెట్టారు. క్రీ.పూ. 400 ప్రాంతం, అంటే సోక్రటీస్ బతికున్న రోజులు. కాలు మీద పేరుంది, మ్నెసిమాఖోస్. అచ్చం చేతబడే. కారణం ప్రేమా పగా అనుకున్నాను, కాదు, కోర్టు కేసు. మూత మీద ప్రత్యర్థుల పేర్లు వరుసగా రాసి, చివర్లో లాయరు నోటీసులాగా ఒక ముక్క చేర్చారు: వాళ్ళ తరఫున వాదించేవాడు గానీ, సాక్ష్యం చెప్పేవాడు గానీ ఇంకెవడైనా ఉంటే వాడు కూడా.