వాల్యూమ్ 1 మీదే ఉన్నా వాచ్‌మన్ తలుపు కొడుతున్నాడు

సందేహం: కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాం. సెకండ్ హ్యాండ్‌లో 40 వాట్ల వాల్వ్ గిటార్ ఆంప్ (గాజు వాల్వులతో నడిచే ఆంప్లిఫైయర్) కొన్నాను. వాల్యూమ్ 1 దాటితే చాలు, కింది ఫ్లాట్ వాళ్లు వాచ్‌మన్‌ని పంపిస్తున్నారు. కాస్త వెనక్కి తిప్పితే అసలు సౌండే రావడం లేదు. దీన్ని అమ్మేసి 5 వాట్లది కొనుక్కోమంటారా?

వద్దు. 5 వాట్లది కొన్నా వాచ్‌మన్ మళ్లీ వస్తాడు. గిటార్ గురించి నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ ఫిర్యాదే. రాసిన వాళ్లంతా వాట్ల దగ్గరే ఆగిపోతున్నారు. పవర్ సగం చేస్తే సౌండ్ సగం కాదు, తగ్గేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి సగం అయినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గాలి, అంటే పవర్ పదో వంతుకు రావాలి. 40 నుంచి 5 వాట్లకు దిగితే 9 డెసిబెల్స్ తగ్గుతాయి. పైగా గిటార్ ఆంప్‌లలో పెట్టే స్పీకర్లు చాలావరకు ఒక్క వాట్ ఇస్తేనే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ మోగుతాయి. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. ఈ లెక్కన మీ హాల్‌కి ఒక్క వాట్ కూడా ఎక్కువే.

అసలు తప్పు ఆ నాబ్‌ది. చాలా ఆంప్‌లలో మొదటి పావు తిప్పులోనే సౌండ్ దాదాపు అంతా వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా పెరిగేది డిస్టార్షనే. షాపులో కొంచెం తిప్పగానే గది అదిరిపోతే కొనేవాడికి పవర్ ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంట్లో వాయించుకునే వాడికి పనికొచ్చే భాగమంతా 0కి 1కి మధ్య వెంట్రుకవాసి జాగాలో ఇరుక్కుపోతుంది. దాన్ని మార్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు, సరైన రకం పొటెన్షియోమీటర్ (నాబ్ కింద ఉండే, తిప్పితే సిగ్నల్ పెరిగే తగ్గే భాగం) పెడితే చాలు. తయారీదారులు ఇన్నేళ్లుగా దాన్ని పట్టించుకోకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

ఇక మీ ఆంప్ సంగతి. వెనక ప్యానెల్ మీద సెండ్, రిటర్న్ అని రెండు జాక్‌లు ఉన్నాయేమో చూడండి, వాటినే లూప్ అంటారు. ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. ఆ రెండింటి మధ్య చిన్న వాల్యూమ్ పెట్టె ఒకటి పెట్టండి. అందులో ఉండేది రెండు జాక్‌లు, ఒక పొటెన్షియోమీటర్, అంతే. కరెంటు అక్కర్లేదు. రేడియో రిపేర్ తెలిసిన ఎవరైనా చేసిపెడతారు. అది పెట్టాక ఆంప్ నాబ్‌ని 3 మీదో 4 మీదో ఉంచి, అసలు సౌండ్ ఎంత రావాలో ఆ పెట్టెతో సర్దుకోవచ్చు. గెయిన్ దశలో, అంటే సిగ్నల్‌ని మొదట పెంచే భాగంలో, పుట్టే డిస్టార్షన్ అలాగే ఉంటుంది, స్పీకర్‌కి వెళ్లేది తగ్గుతుంది. కొన్ని ఆంప్‌లలో ఈ లూప్ ప్యారలల్ పద్ధతిలో ఉంటుంది, అంటే సిగ్నల్‌లో కొంత భాగమే లూప్ గుండా వెళ్తుంది, వాటిలో ఈ పెట్టె సరిగ్గా పనిచేయదు. సిగ్నల్ అంతా లూప్ గుండానే వెళ్లే సిరీస్ లూప్ అయితేనే పెట్టండి.

లూప్ లేకపోతే లో ఇన్‌పుట్ జాక్ వాడండి, గిటార్ మీది వాల్యూమ్ కూడా తగ్గించండి. అదీ చాలకపోతే అటెన్యుయేటర్ కొనాలి. ఇది ఆంప్‌కి స్పీకర్‌కి మధ్య కూర్చుని పవర్‌లో ఎక్కువ భాగాన్ని వేడిగా మార్చేస్తుంది. ఖరీదు ఎక్కువ. ఆంప్ ఎన్ని ఓమ్‌లు అడుగుతుందో అన్ని ఓమ్‌లదే తీసుకోవాలి, ఆంప్ ఇచ్చే పవర్‌ని తట్టుకునేదే కావాలి. స్పీకర్ వైరు మధ్యలో మామూలు వాల్యూమ్ పాట్ (పొటెన్షియోమీటర్) పెడితే చాలని కొన్ని వీడియోల్లో చెబుతున్నారు. పెట్టకండి, అది కాలిపోతుంది. కాలిపోయిన క్షణం నుంచి మీ వాల్వ్ ఆంప్ లోడ్ లేకుండా, అంటే స్పీకర్ తగిలించనట్టే, నడుస్తుంది. వాల్వ్ ఆంప్ అలా నడిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది, అందులో అన్నిటికంటే ఖరీదైన భాగాల్లో అదొకటి. సౌండ్ రాకూడదని స్పీకర్ వైరు పీకేసి వాయించే వాళ్లకీ ఇదే గతి. స్పీకర్ జాక్‌లో హెడ్‌ఫోన్స్ గుచ్చడం, అదే జాక్ నుంచి లాప్‌టాప్ ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (గిటార్‌ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె) వైరు లాగడం కూడా ఈ కోవకే వస్తాయి. ఒకదానిలో చెవి పోతుంది, రెండోదానిలో ఇంటర్‌ఫేస్ పోతుంది.

కింది ఫ్లాట్ వాళ్లని బాధపెట్టేది గాల్లో వచ్చే సౌండ్ ఒక్కటే కాదు. ఆంప్‌ని నేల మీద పెడితే బేస్ అంతా స్లాబ్‌లోకి దిగుతుంది. దాన్ని నేల మీంచి లేపి, కింద మందపాటి గట్టి ఫోమ్ వేయండి. స్పీకర్ మీ మోకాళ్ల వైపు కాకుండా ముఖం వైపు ఉండేలా వాల్చండి. గిటార్ స్పీకర్ నుంచి హై నోట్స్ సూటిగా ముందుకే వెళ్తాయి. అవి కాళ్ల దగ్గరే ఉండిపోతుంటే మీకు మొద్దుగా వినిపించి ఇంకా సౌండ్ పెంచుతారు. చెవి వైపు తిప్పిన రోజే మీకు తేడా తెలుస్తుంది. తక్కువ సౌండ్‌లో బేస్, ట్రెబుల్ మన చెవికి తక్కువగా వినిపిస్తాయి. ఈ సంగతి 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చెప్పారు. కాబట్టి వాల్యూమ్ తగ్గించాక ఆ రెండూ కొంచెం పెంచుకోండి. గోడలకి గుడ్ల అట్టలు అంటించకండి. వాటివల్ల గదిలో ప్రతిధ్వని కొంత మారుతుందేమో గానీ గోడ అవతలికి వెళ్లే సౌండ్ ఆగదు, నిప్పంటుకుంటే మాత్రం గది మొత్తం అంటుకుంటుంది.

సందేహం: రాజమండ్రిలో మా చర్చిలో గిటార్ వాయిస్తాను. ఇంట్లో రాత్రిళ్లు ప్రాక్టీస్‌కి ఆంప్ కుదరదు కాబట్టి లాప్‌టాప్‌లో ఆంప్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుందామనుకున్నాను. స్నేహితుడు టెలిగ్రామ్‌లో క్రాక్ వెర్షన్ పంపాడు. యాంటీవైరస్ ఆపితేనే ఇన్‌స్టాల్ అవుతుందని అందులో రాసి ఉంది. ఆపొచ్చా? బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో తీగ మీటాక ఆలస్యంగా సౌండ్ రావడానికి కారణం ఏమిటి?

రెండోది ముందు చెప్పేస్తాను. బ్లూటూత్‌లో మామూలుగా 150 మిల్లీసెకన్లకు పైనే ఆలస్యం ఉంటుంది. పాటలు వినడానికి అది తెలియదు, వాయించడానికి అస్సలు పనికిరాదు. వైరు ఉన్న హెడ్‌ఫోన్స్ వాడండి. ఆడియో ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చే ఏసియో డ్రైవర్ (విండోస్‌లో సౌండ్ ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసి, బఫర్, అంటే ఒక్కో విడతలో పోగేసే సౌండ్ మొత్తాన్ని, 128 శాంపిల్స్ మీద పెట్టండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 2.7 మిల్లీసెకన్లు. వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి, పైన డ్రైవర్ తీసుకునే కొంచెం కలిపినా వేళ్లకు తేడా తెలియదు.

మొదటి ప్రశ్నకి జవాబు: ఆపకండి. ఆ ఫైల్‌ని తెరవకుండానే తీసేయండి. గిటార్ ఉత్తరాలన్నిటిలో నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఇదే. "యాంటీవైరస్ ఆపండి" అని రాసినవాడు మీ ఇంటి కాపలాని పక్కకి వెళ్లమంటున్నాడు. క్రాక్‌లను యాంటీవైరస్‌లు ఊరికే తప్పుపడతాయి, అది మామూలేనని మీ స్నేహితుడు అంటాడు. కొన్నిసార్లు అది నిజం కూడా. కానీ ఏది ఊరికే వచ్చిన హెచ్చరికో, ఏది నిజమైనదో మీ స్నేహితుడికి తెలియదు, మీకూ తెలియదు. తెలిసినవాడు ఆ ఫైల్ తయారు చేసినవాడొక్కడే.

ఇలాంటి ఫైళ్లలో ఈ మధ్య ఎక్కువగా దాక్కుంటున్నవి కంప్యూటర్‌ని పాడుచేసే పాత రకం వైరస్‌లు కావు. ఇవి ఏ అలజడీ చేయవు. మీ ఆంప్ సాఫ్ట్‌వేర్ చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. వెనకాల మీ బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు నిమిషాల్లో బయటికి వెళ్లిపోతాయి. చాలామందికి అర్థం కానిది ఈ కుకీల సంగతి. మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్నారని సైట్‌కి చెప్పేది ఆ కుకీయే. అది దొరికిన వాడికి మీ పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు. బ్యాంకు సైట్లు కాసేపటికి లాగౌట్ చేసేస్తాయి, మెయిల్ మాత్రం నెలల తరబడి తెరిచే ఉంటుంది. మెయిల్ చేతికి చిక్కితే మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకోవడం వాడికి కష్టం కాదు. మన ఇళ్లలో లాప్‌టాప్ ఒకరిది కాదు. నాన్నగారి పాన్ కార్డు, అమ్మ ఆధార్, చెల్లి సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజుల స్కాన్‌లు అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. గిటార్ టోన్ కోసం మీరొక్కరే తీసుకున్న రిస్క్‌కి ఇంట్లో అందరూ బలవుతారు.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకోకండి, అది ఎక్కడెక్కడ చేరిందో మీకు తెలియదు. ముందు ఆ లాప్‌టాప్‌ని నెట్ నుంచి తీసేయండి. ఫోన్‌లోనో ఇంకో కంప్యూటర్‌లోనో మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ చేయించండి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు ఆ తర్వాత మార్చండి. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం కాపీ చేసుకుని విండోస్‌ని మొదటి నుంచి వేయండి. ఇదంతా ఒక ఆదివారం పని. చేయకపోతే డబ్బు పోవచ్చు.

ఇంతా చేసి ఆ క్రాక్ అవసరమే లేదు. న్యూరల్ ఆంప్ మోడలర్ అనేది పూర్తిగా ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా బహిరంగమే. నిజమైన ఆంప్‌ల టోన్‌ని పట్టుకున్న మోడల్ ఫైళ్లు కూడా దానికి బోలెడు ఉచితంగా దొరుకుతాయి. డబ్బు తీసుకునే సాఫ్ట్‌వేర్లలో కూడా కొన్నిటికి రెండు మూడు ఆంప్‌లతో ఉచిత వెర్షన్లు ఉన్నాయి. ప్రాక్టీస్‌కి రెండు మూడు ఆంప్‌లు చాలు. దేన్నైనా తయారీదారు సైట్ నుంచే దింపుకోండి. హెడ్‌ఫోన్స్‌లో కూడా సౌండ్ విషయం మర్చిపోకండి. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు వినొచ్చని ఒక ప్రామాణిక లెక్క. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గరికి వెళ్తే పావుగంట.

సందేహం: విజయవాడ నుంచి రాస్తున్నాను. కొత్తగా కొన్న చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లో తక్కువ పవర్ మోడ్ ఉంది గానీ అది యాప్‌లోనే ఆన్ చేయాలి. యాప్ ఖాతా తెరవమంటోంది, లొకేషన్ అడుగుతోంది. అప్‌డేట్ చేశాక ఆ మోడ్ దానంతటదే ఆఫ్ అయిపోయింది. మళ్లీ ఎలా పెట్టాలి?

యాప్‌లో సెట్టింగ్ ఎక్కడుందో మీరే వెతికి పట్టుకోగలరు. నేను మాట్లాడదలచుకున్నది వేరే. సౌండ్ తగ్గించుకోవడానికి మెయిల్ ఐడీ ఎందుకివ్వాలి? పవర్ తగ్గించే స్విచ్ వెనక ప్యానెల్ మీద ఉండాల్సిన వస్తువు. దాన్ని యాప్‌లోకి నెట్టేశారంటే రేపు ఆ యాప్ ఆగిపోయిన రోజు మీ ఆంప్‌లో సగం పనిచేయదు. అప్‌డేట్ అయ్యాక పాత సెట్టింగులు చెరిపేసి ఫుల్ పవర్‌తో లేవడం ఇంకా ఘోరం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నవాడి చెవుల గురించి ఆ డిజైన్ చేసినవాళ్లు ఒక్క క్షణం ఆలోచించలేదు. ఏ అప్‌డేట్ తర్వాతైనా సౌండ్ తక్కువలోనే మొదలవ్వాలి. అది రూల్‌గా ఉండాలని నా అభిప్రాయం.

లొకేషన్ గురించి: ఆండ్రాయిడ్ 11 దాకా బ్లూటూత్ డివైస్‌ని వెతకాలంటే యాప్‌కి లొకేషన్ అనుమతి తప్పనిసరి. ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి "దగ్గర్లోని డివైస్‌లు" అనే వేరే అనుమతి ఉంది. మీ ఫోన్ కొత్తదైతే లొకేషన్ నిరాకరించి చూడండి. అయినా మొండికేస్తే ఆ యాప్ రాసినవాళ్లు బద్ధకించారనుకోవాలి, లేదా మీరెక్కడున్నారో వాళ్లకి కావాలనుకోవాలి. యాప్‌లో పని అయ్యాక అనుమతి వెనక్కి తీసుకోండి. ఇకముందు ఆంప్ కొనే వాళ్లు షాపులో ఫోన్ జేబులోనే పెట్టుకుని, ఆ ఆంప్ యాప్ లేకుండా ఏమేం చేస్తుందో చూసి కొనండి.

సందేహం: అన్నయ్య న్యూజెర్సీ నుంచి తన ఆంప్ తెచ్చిచ్చాడు. ప్లగ్‌కి అడాప్టర్ పెట్టి నేరుగా పెట్టేయొచ్చా? ఇంకో ఆంప్‌కి గుయ్‌మని శబ్దం వస్తుంటే ఎర్త్ పిన్ తీసేస్తే పోయింది. ఇలా వాడొచ్చా?

రెండూ చేయకండి. అమెరికా ఆంప్ 120 వోల్టులది, మన ప్లగ్‌లో వచ్చేది 230. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది, వోల్టేజ్‌ని కాదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆంప్ వెనక లేబుల్ మీద అది కరెంటు ఎన్ని వాట్లు తీసుకుంటుందో రాసి ఉంటుంది, దానికి రెట్టింపు సామర్థ్యం ఉన్నదీ, ఎర్త్‌ని కూడా అవతలికి దాటించేదీ తీసుకోండి. అదే లేబుల్ మీద 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్, దాన్ని స్టెప్‌డౌన్ మార్చదు, ఆంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కుతుంది.

ఎర్త్ పిన్ తీసేసిన ఆంప్‌ని ఈరోజే ఆపేయండి. గిటార్ తీగలు ఆంప్ చాసిస్‌కే (లోపలి లోహపు చట్రం) కలిసి ఉంటాయి. లోపల ఏ వైరైనా చాసిస్‌కి తగిలితే ఆ 230 వోల్టులు మీ వేళ్లలోకి వస్తాయి. యార్డ్‌బర్డ్స్ బృందం గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో తన ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేని గిటార్ వాయిస్తూ కరెంట్ షాక్‌తో చనిపోయారు. ఆంప్‌కి లాప్‌టాప్ కలిపి వాడుతుంటే ఆ గుయ్‌మనే శబ్దం సాధారణంగా ఆంప్, లాప్‌టాప్ చార్జర్ రెండూ వేర్వేరు సాకెట్ల నుంచి ఎర్త్ తీసుకోవడం వల్ల వస్తుంది. రెండింటినీ ఒకే బోర్డులో పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే లాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి. పిన్ మళ్లీ వేయించాక, మీ గదిలోని సాకెట్‌కి అసలు ఎర్త్ వచ్చిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి, పాత ఇళ్లలో మూడో రంధ్రం వెనక వైరే లేకపోవడం మామూలే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే అదే రోజు అది కూడా పెట్టించండి.