బొమ్మ విలువ గీసినవాడి పేరులో లేదు

కళాఖండానికి విలువ దేనివల్ల వస్తుంది, గీసినవాడి పేరు వల్లా, పాతదనం వల్లా, పడ్డ శ్రమ వల్లా అని అడిగారు. ఇంట్లో ఉన్న మీ తాతగారి పట్టచిత్రం, అదే గుడ్డ మీద వేసే ఒడిశా దేవుళ్ళ బొమ్మ, దాని సంగతీ రాశారు. నా లెక్కలో ఆ మూడూ కాదు. ఎవరి కోసం గీశారన్నదే అసలు విలువ. పర్లాకిమిడిలో పటాలు కట్టే కొట్టు మాది. బొమ్మల గురించి చదువుకున్నవాళ్ళు మాట్లాడతారు, వాటికి మేకులు కొట్టేది మేం.

మొన్నామధ్య ఒకావిడ వచ్చింది. పోయిన భర్తకి సరైన ఫొటో లేదు. ఉన్నదల్లా ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫొటో, వెనక వరసలో గోరంత ముఖం. మా ఊళ్ళో షాపుల బోర్డులు రాసే పెయింటరు అది చూసి ఆయిల్ పెయింటులో బొమ్మ వేశాడు. ముక్కు తప్పు. చెవులు రెండూ రెండు రకాలు. ఈలోగా హైదరాబాదులో ఉన్న కొడుకు అదే ముఖాన్ని కంప్యూటర్లో శుభ్రం చేయించి, నిగనిగలాడే ప్రింటు పంపాడు. వెనకాల నీలం తెర, ఒంటి మీద కోటు! రెండూ బల్ల మీద పెట్టి "ఏది కట్టమంటారమ్మా?" అన్నాను. ప్రింటు చూసి "ఈయనెవరు బాబూ?" అంది. పెయింటరు బొమ్మలో ఎడం భుజం మీద తువ్వాలుంది. గ్రూపు ఫొటోలో అసలు భుజాలే కనబడవు. వాడు ఇంటికెళ్ళి అడిగి తెలుసుకున్నాడట. ఆవిడ ఆ తువ్వాలు అంచు వేలితో తడిమి "ఇదే కట్టు" అంది. పెయింటరుకి అడిగినంతా ఇచ్చింది. నా దగ్గర మాత్రం ఫ్రేముకి గంటసేపు బేరమాడింది, అది వేరే సంగతి.

మా గజపతి జిల్లా కొండల్లో సవరలదీ ఇదే పద్ధతి. ఇంటి లోపలి గోడకి ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి నీళ్ళలో పుల్ల ముంచి ఇడితాల్ అనే బొమ్మలు వేస్తారు. అందానికి కాదు. ఇంట్లో జబ్బు చేసినా, పోయినవాళ్ళు కలలోకొచ్చి అడిగినా, ఆ సోనుం పేరున, అంటే ఆ ఆత్మ పేరున వేస్తారు. గుర్రాలు, ఏనుగులతో పాటు సైకిళ్ళు, విమానాలు కూడా ఉంటాయి. గీసినవాడి సంతకం మాత్రం ఉండదు. అవే బొమ్మలు టస్సర్ గుడ్డ మీదకెక్కి, భువనేశ్వర్‌లో అమ్ముడుపోయి నా కొట్టుకొస్తాయి. బాగుంటాయి, గీసినవాడికి నాలుగు డబ్బులొస్తే సంతోషమే. కానీ ఎవరి పేరునా వేసినవి కావు కదా, సోఫా రంగుకి కలిసిందా లేదా అన్నదే కొన్నవాళ్ళ గోల.

మరి వేలంలో కోట్లు పలుకుతాయే అంటారు. సాల్వతోర్ ముండి అనే క్రీస్తు బొమ్మ 1958లో లండన్‌లో 45 పౌండ్లకి పోయింది. లియొనార్డో డావిన్చీ గీసిందన్నాక 2017లో న్యూయార్క్‌లో 45 కోట్ల డాలర్లు పలికింది. మధ్యలో మసి తుడిచి బాగుచేసిన మాట నిజమే గానీ, రేటు పెంచింది పేరే. ఆ పేరు మీద పండితులింకా కొట్టుకుంటూనే ఉన్నారు. రేపు కాదని తేలితే ఆ కొన్నాయన గతేంటి?

ఇక మీ పట్టచిత్రం. ముందు దాన్ని గ్లాసుకి ఆనించి కట్టారేమో చూడండి. ఈమధ్య అందరూ ఖర్చు తగ్గుతుందని మౌంటు, అంటే గ్లాసుకీ బొమ్మకీ మధ్య పెట్టే అట్ట, వద్దంటున్నారు. వానాకాలం చెమ్మకి రంగు గ్లాసుకి అంటుకుంటుంది, విప్పేటప్పుడు దేవుళ్ళ ముఖాలు ఊడొస్తాయి. వెనక అట్ట విప్పినప్పుడు, ఎవరికిచ్చారో రాసుందేమో చూడండి. ఉంటే ఆ ముక్క కత్తిరించకుండా కట్టమని పటాలవాడికి గట్టిగా చెప్పండి, మాలో చాలామంది చూసుకోరు.