నలభై దినాలు మొదలుపెట్టే ముందు

అమ్మలూ,

ప్రభువు పేరట నీకు పెద్దమ్మ వందనాలు. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు తీసేస్తే వచ్చే ఈ నలభై శ్రమదినాలూ నాలుగింటికే లేచి, ఉపవాసముండి, బైబిలంతా చదివి, దేవుని స్వరం వింటానన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే "దేవుడు చెప్తే భీమవరం ఉద్యోగం మానేస్తుందంట అక్కా" అంది. అక్కడ గుండె గుబేలుమంది. అందుకే ఈ ఉత్తరం.

ఫోను వేరే గదిలో పెట్టు. అలారానికి గడియారం కొనుక్కో. బైబిలు పుస్తకంలోనే చదువు. దోమలు కుడితే దోమతెరలోనే కూర్చో, తప్పేం లేదు. రొయ్యల చెరువుల మీద ఏరేటర్ల మోత నువ్వు ప్రార్థన చేస్తున్నావని ఆగదు, దానితో పోట్లాడకు.

నాలుగింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకే పడుకోవాలి. పదకొండు దాకా మేలుకుంటే మోకాళ్ల మీదే కునుకు పడుతుంది. బైబిల్లో 1 రాజులు 19 తీసి చూడు. చావు కోరుకుని బదరీచెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత తట్టి లేపి ముందు తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ మీద దేవుని నిమ్మళమైన స్వరం వినబడింది ఆ తరవాతే. అసలే నీకు రక్తం తక్కువ. వారానికి ఒక్కపూట ఉపవాసం చాలు, అదీ డాక్టరును అడిగాకే. మంచినీళ్లు, కొబ్బరినీళ్లు మానకు. మాత్రలు ఆపావంటే నేనే వచ్చి కూర్చుంటాను.

బైబిలంతా అన్నావు. మొత్తం 1189 అధ్యాయాలు, నలభై రోజుల్లో అంటే రోజుకు ముప్పై. పేజీలు తిరుగుతాయిగానీ మాట చెవిన పడదు. మార్కు సువార్త పట్టుకో. 16 అధ్యాయాలే, రోజుకు 17 వచనాల చొప్పున నలభై రోజులకు సరిపోతుంది. ముందు రెండు నిమిషాలు ఊరికే కూర్చో. తరవాత ఆ భాగం పైకి, నెమ్మదిగా, రెండుసార్లు చదువు. మన బైబిలుది పాత గ్రాంథికం, కళ్లతో పరిగెత్తితే సగం జారిపోతుంది. ఎక్కడ మనసు ఆగిందో ఆ మాట దగ్గర పది నిమిషాలు మౌనంగా ఉండు. గ్యాసు బుకింగు, మేనేజరు అన్న మాట గుర్తొస్తాయి. పక్కన కాగితం పెట్టుకుని ఒక్క ముక్క రాసి వదిలేయ్. చివర నోటుబుక్కులో మూడు వాక్యాలు చాలు.

ఇప్పుడు నా అసలు భయం చెబుతాను. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో, ఆ ఏటి వాగ్దానమని పంచే వచనం కార్డుల్లో నీకు యిర్మియా 29:11 వచ్చిందట, మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడనే మాట. ఆ కార్డు బీరువాకు అంటించుకో, సంతోషమే. దాన్ని పట్టుకుని రాజీనామా మాత్రం రాయకు. మనవాళ్లలో ఇది ఎప్పటినుంచో ఉన్న తప్పు. మనసులో ముందే ఒకటి నిశ్చయించుకోవడం, తరవాత బైబిలు తెరిచి వేలు పడ్డచోట ఆ ముక్కే వెతుక్కోవడం, ఆపైన "దేవుడు మాట్లాడాడు" అనడం. చెరువు లీజుకీ, పెళ్లి సంబంధానికీ, వీసాకీ ఇదే పద్ధతి. తేడా వస్తే అప్పులు మనకు, నింద దేవుడికి. ఆ 11వ వచనం ఎవరికి రాశారో పైనుంచి చదువు. బబులోనుకు చెరగా పోయిన యూదులకు యిర్మియా ప్రవక్త రాసిన ఉత్తరమది. 5వ వచనంలో అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్నాడు. 10వ వచనంలో డెబ్బై సంవత్సరాలు అన్నాడు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని తియ్యగా చెప్పినవాడు దాని ముందు అధ్యాయంలో ఉన్నాడు, హనన్యా. వాడు అబద్ధ ప్రవక్త. ఒక్క వచనం చింపుకుని పట్టుకెళ్తే యిర్మియా చేతే హనన్యా మాట చెప్పించినట్టవుతుంది తల్లీ.

మరి ఏది దేవుని మాటో ఎలా తెలుస్తుందంటావా? మిగతా లేఖనానికి ఎదురు నిలిచిందంటే కాదు. ఇవాళే, ఇప్పుడే అని తరిమిందంటే అనుమానించు. తేదీ వేసి రాసుకుని మూడు వారాలాగు, అప్పటికీ నిలిచి ఉంటే పెద్దవాళ్లకు చూపించు. దేవుడు పిలిస్తే చిన్నవాడైన సమూయేలు మూడుసార్లూ యాజకుడు ఏలీ పిలిచాడనే అనుకున్నాడు, ఎవరు పిలుస్తున్నారో గ్రహించి చెప్పింది ఆ చూపు మందగించిన ముసలాయనే. నీకూ ఎవరో ఒకరు ఉండాలి. మీ పాస్టరమ్మగారున్నారు, నేనున్నాను.

రెండోవారమో మూడోవారమో ఏమీ వినబడదు. దేవుడు వదిలేశాడనుకుని సమయం పెంచకు, ఉపవాసం పెంచకు. వేసవిలో కాలువలు కట్టేసి గుర్రపుడెక్క తీస్తారు చూడు, అప్పుడు కాలువ ఎండినట్టే ఉంటుంది. ఆ ఇరవై నిమిషాలూ అలాగే కూర్చో, అంతే. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు రోజులది కలిపి చదవకు, ఆ రోజు భాగమే చదువుకో. ఆదివారం గుడి మానకు, ఇంట్లో ధ్యానం దానికి బదులు కాదు.

ఉద్యోగం సంగతి ఈస్టర్ తరవాత ఇక్కడికొచ్చినప్పుడు మాట్లాడదాం. ఆ నోటుబుక్కు తెచ్చుకో. మధ్యలో ఎప్పుడైనా కళ్లు తిరిగితే ముందు అన్నం తిని, తరవాత నాకు ఫోను చెయ్యి.

మీ పెద్దమ్మ