హైవే కోసం భూమి తీసుకునేటప్పుడు యజమాని ఇంటికి నోటీసు రావాలా?

మొదటి దశలో అక్కర్లేదు. జాతీయ రహదారుల చట్టం 1956 ప్రకారం, భూమి తీసుకోబోతున్నామని ప్రభుత్వం ప్రకటించే సెక్షన్ 3ఎ నోటిఫికేషన్‌ను గెజిట్‌లో వేసి, సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో (ఒకటి స్థానిక భాషలో) ప్రచురిస్తే చాలు. రోడ్డు పొడవునా వందలమంది యజమానులు, రికార్డుల్లో చాలాచోట్ల చనిపోయిన తాతల పేర్లే; ఒక్కొక్కరికీ అందేదాకా ఆగితే పని కదలదు. చిక్కల్లా అభ్యంతరాలకు 21 రోజులే గడువు ఉండటం. నోటిఫికేషన్ జూన్ 1న వచ్చి, వేరే ఊళ్లో ఉన్న మీకు జూలైలో తెలిస్తే ఆ అవకాశం దాటిపోయినట్టే. ‘నా చేతికి కాగితం రాలేదు, కాబట్టి సేకరణ చెల్లదు’ అనుకోవడం పొరపాటు. అలాగని పరిహారం హక్కు పోదు. పరిహారం జమ చేశాక స్వాధీనం కోరేటప్పుడు మాత్రం 60 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాల్సిందే.